చిన్న లేబుల్ (బట్టల బ్రాండ్) దగ్గర కొనేముందు బట్ట తిరగేసి చూడండి

"స్లో ఫ్యాషన్" (తక్కువ బట్టలు, ఎక్కువకాలం మన్నేలా కుట్టే పద్ధతి) అని రాసుకున్నారు కదా అని వెంటనే నమ్మేయకండి. ముందు బట్టను లోపలికి తిరగేయండి. కుట్టు పక్కన ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల గుడ్డ వదిలి ఉంటే, రేపు కాస్త ఒళ్లు చేసినా విప్పి వదులు చేసుకోవచ్చు. అంచుకు ఆనించి ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా మెషీన్‌తో అంచు చుట్టే కుట్టు) కొట్టేశారా, ఇక అంతే సంగతులు.

తర్వాత ఆ లేబుల్ వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి: గుడ్డ ఎక్కడిది, కుట్టిందెవరు, ఒక్కో డిజైన్‌లో ఎన్ని కుడతారు? (వారానికో కొత్త కలెక్షన్ దించేవాళ్లను ఇవి అడగడం కూడా దండగే.) "మాది పర్యావరణహితం" అన్నది జవాబు కాదు. "రంగు ఎక్కడ అద్దారో మాకూ తెలీదండీ" అని ఒప్పుకున్నవాళ్లనే నేనైతే ఎక్కువ నమ్ముతా.

సర్టిఫికెట్ లేదని కొట్టిపారేయొద్దు, చిన్నవాళ్లకు ఆ ఖర్చు భారం. ఉందంటే మాత్రం ఎవరి పేరు మీద ఉందో అడగండి. జీఓటీఎస్ (సేంద్రియ బట్టలకిచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్) గుర్తింపు చాలాసార్లు గుడ్డ నేసిన మిల్లుదే అయ్యుంటుంది, లేబుల్‌ది కాదు. అందులోనూ "ఆర్గానిక్" అంటే కనీసం 95 శాతం సేంద్రియ నూలు, "మేడ్ విత్ ఆర్గానిక్" అంటే 70 శాతమే. ట్యాగ్ మీది లైసెన్స్ నంబరును జీఓటీఎస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు.