మామిడి తోటలో "టిర్ర్‌ర్": ఎర్రగొంతు ఈగపట్టు పిట్టను గుర్తుపట్టడం

దసరా దాటాక నర్సంపేట మామిడి తోటల్లో, పాఖాల చెరువు పక్క చెట్లలో, ఊరి చింతతోపుల్లో తెల్లవారుతుండగా ఓ చిన్న గిలక తిప్పినట్టు "టిర్ర్‌ర్" అని వినిపిస్తే ఆగండి. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, అంటే ఎర్రగొంతు ఈగపట్టు పిట్ట కావచ్చు. తూర్పు ఐరోపా, పశ్చిమ రష్యా అడవుల్లో పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి ఇంత దూరం వస్తుంది. సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 10 గ్రాముల బరువు ఉండే పిట్ట అంత ప్రయాణం చేయడం నిజంగా అబ్బురమే.

పేరు చూసి ఎర్రగొంతు కోసం వెతికితే చాలా పిట్టల్ని వదిలేసుకుంటారు. ఆ ఎరుపు, అసలు నారింజరంగు, ఎదిగిన మగదానికే ఉంటుంది. ఆడవి, తొలి ఏడాది మగవి మట్టిరంగు వీపుతో, తెలుపు కలిసిన లేత గొంతుతో కనిపిస్తాయి. అందుకే ముందు తోక చూడాలి. నల్లని తోకకు మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలుంటాయి, ఎగిరినప్పుడు అవి మెరుస్తాయి. కొమ్మ మీద వాలగానే రెక్కలు కాస్త కిందికి వేలాడేసి, తోకను పైకి ఎత్తుతుంది. నల్లంచి (ఇండియన్ రాబిన్) కూడా తోక ఎత్తుతుంది కానీ దాని తోక కింద ఇటుకరంగు ఉంటుంది, దీనికి తెలుపు. దర్జీ పిట్ట వీపు పచ్చగా ఉంటుంది, తోకలో తెల్ల మచ్చలుండవు.

అసలు చిక్కు టైగా ఫ్లైక్యాచర్‌తో. అది సైబీరియా పిట్ట, తోకలో అవే మచ్చలు. తేడాకు మూడు చోట్లు చూడండి. తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు టైగాకు తోకంత నల్లగా, ఇంకా నల్లగా కూడా ఉంటాయి. మనదానికి తోక కన్నా లేతగా, గోధుమరంగు కలిసి ఉంటాయి. ముక్కు టైగాకు మొత్తం నల్లన, మనదానికి కింది ముక్కు మొదలు లేత రంగు. టైగా అరుపు మరీ వేగంగా, పురుగు చప్పుడులా ఉంటుంది. మనదాని అరుపులో ఒక్కో టిక్కు విడిగా వినబడుతుంది. చలికాలం నడుమ గొంతు నిండా నారింజరంగుతో మగది కనిపిస్తే దాదాపు మనదే, టైగా మగది ఆ రంగును చలికాలంలో వదిలేస్తుంది.

8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు లేత గొంతు కూడా నారింజగా కనబడి మోసం చేస్తుంది కాబట్టి పిట్ట నీడలోకి వచ్చేదాకా ఆగి రంగు తేల్చుకోండి. వెంటపడితే లోపలి కొమ్మల్లోకి పోతుంది. పది పన్నెండు మీటర్ల దూరంలో కదలకుండా నిలబడితే, నేల మీది పురుగును పట్టి మళ్లీ కొమ్మకు ఎగరడం చూడొచ్చు. ఇవాళ దొరకకపోతే రేపు అక్కడికే రండి, చలికాలమంతా ఒంటరిగా తన జాగాను కాపాడుకుంటుంది. ఫోన్‌లో దాని అరుపు మోగించి పిలవొద్దు, మేత మానేసి పోట్లాటకు వస్తుంది. మీరే దాని అరుపును పదిహేను సెకన్లు రికార్డు చేసుకోండి. తోక మొదలు, ముక్కు సరిగా కనబడక, అరుపూ వినబడకపోతే నోట్‌బుక్‌లో "రెడ్ బ్రెస్టెడ్ లేదా టైగా" అనే రాయండి.