టీవీలో బొమ్మ వంకర పోతుందా? వీడియో డ్రైవర్‌లో తప్పు ఎక్కడుందో బొమ్మే చెప్తది

ఎర్రగడ్డ సండే మార్కెట్ నుంచి పాత 14 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకటి తెచ్చుకున్న, పసుపు రంగు ఏవీ సాకెట్ ఉందా లేదా చూసి మరీ. దానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలించి, టీవీకి బొమ్మ సిగ్నల్ పంపే వీడియో డ్రైవర్ సొంతంగా రాసుకుందామని కూసుంటే ఒక్కో తప్పు స్క్రీన్ మీద ఒక్కో తీరుగ కనబడింది. ఒక్క మాట గట్టిగ చెప్త, బొమ్మ పాడైంది అనంగనే కోడ్ అంతా తిరగరాయకండి, ఎట్ల పాడైందో ముందు కుదురుగ చూడండి, వంగుతుందా ఉరుకుతుందా, పైనా కిందా, సగం జవాబు అక్కడే ఉంటది.

ముందు ఈ లెక్క గోడకు రాసి పెట్టుకోండి. మన దగ్గర టీవీలన్నీ పాల్ పద్ధతివి, ఒక్కో లైను 64 మైక్రోసెకండ్లు. అందులో మొదటి 4.7 సింక్, అంటే కొత్త లైను మొదలైందని టీవీకి చెప్పే సైగ, 0 వోల్టు. తర్వాత 5.7 నలుపు, 0.3 వోల్టు. ఆ తర్వాత దాదాపు 52 మైక్రోసెకండ్లు బొమ్మ, పూర్తి తెలుపుకు 1 వోల్టు. చివర 1.65 మళ్ల నలుపు. ఊనో 16 మెగాహెర్ట్జ్ కాబట్టి ఒక లైను సరిగ్గా 1024 క్లాకులు (చిప్ గడియారం టిక్కులు), ఇది మనకు పెద్ద వరం.

బొమ్మ రాదు, స్పీకర్ మాత్రం జుయ్య్ మంటది

కొత్త ఎల్ఈడీ టీవీలల్ల మూడు సాకెట్లకు బదులు ఒకటే 3.5 ఎంఎం జాక్ ఇస్తున్నరు, దాని కేబుల్‌లో ఏ రింగు వీడియో అనేది కంపెనీకో తీరు ఉంటది. జుయ్ అంటుందంటే మీ వీడియో ఆడియోలకు పోతున్నట్టు, ఆ మోత మీ 50 హెర్ట్జ్ ఫ్రేమే. అంటే సిగ్నల్ బయటికి వస్తనే ఉంది, సంతోషించండి. పసుపు తీసి ఎరుపు, తెలుపు ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టి చూడండి. మోత కూడా లేకుంటే గ్రౌండ్ వైరు చూడండి.

ఆసిలోస్కోప్ మీద వోల్టేజీలు ఎక్కడికో పోయినయి

సింక్ పిన్నుకు 1 కిలో ఓమ్ రెసిస్టర్, వీడియో పిన్నుకు 470 ఓమ్, కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడైనా దొరుకుతయి, రెండూ కలిపి ఆర్‌సీఏకి, అంటే ఆ పసుపు ప్లగ్గుకు. టీవీ తగిలించకుండ కొలిస్తే నలుపు 1.6 వోల్టు, తెలుపు 5 వోల్టు చూపిస్తది, ఇగ మనం పరేషాన్ అయ్యి రెసిస్టర్లు మార్చుకుంట కూసుంటం. టీవీ లోపల 75 ఓమ్‌లు ఉంటయి, అవి కలిస్తేనే లెక్క సరిపోయి 0.3, 0.95 దగ్గరికి వస్తది. టీవీ లేకుంటే 75 ఓమ్ రెసిస్టర్ సిగ్నల్‌కు గ్రౌండ్‌కు మధ్యల పెట్టి కొలవండి. 3.3 వోల్టుల బోర్డులకు నా లెక్క ప్రకారం 560, 270 పెడితే సరిపోతది.

బొమ్మ ఉరుకుతుంది

ఏటవాలు గీతలై చిందరవందర అయితే లైను పొడుగు తప్పు, టైమర్ ప్రీస్కేలర్ (క్లాకును భాగించేది) చూడండి, టైమర్1 ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే ఐసీఆర్1లో 1023 ఉందా (0 నుంచి లెక్క కాబట్టి 1024 క్లాకులు) చూడండి. లైన్లు నిటారుగ ఉండి బొమ్మ మొత్తం పైకో కిందికో జారుతుంటే ఫ్రేమ్‌కు 312 లైన్లు ఉన్నయా, నిలువు సింక్ (కొత్త ఫ్రేమ్ మొదలని చెప్పేది) అసలు పోతుందా చూడండి.

బొమ్మ నిలబడి పైన కొద్దిగ మాత్రం వంగిన తాటిచెట్టు లెక్క ఒరిగితే అది వేరే జబ్బు. నిలువు సింక్ అప్పుడు పిన్నును రెండు మూడు లైన్లు కదలకుండ కింద పెట్టేసిండ్రు, ఆ టైమ్‌లో టీవీకి అడ్డం సింక్ (లైను సింక్) అందక దారి తప్పింది, మళ్ల దారిల పడే లోపల పై లైన్లు గీసుడు అయిపోయింది. ఆ లైన్లల్ల కూడా 64 మైక్రోసెకండ్లకోసారి పిన్ను పైకి లేచి కింద పడాలె. సింక్ ఎంతసేపు కింద ఉండాలో చెప్పే ఓసీఆర్1ఏ విలువ పెంచి 59.3 మైక్రోసెకండ్లు కింద, 4.7 పైన ఉంచితే చాలు.

బొమ్మ అంచు దువ్వెన పళ్ల లెక్క

నా ప్రాణం తీసింది ఇదే, రెండు వారాలు పట్టింది. నిలువు గీత గీస్తే కొన్ని లైన్లు మాత్రం కుడికి జరిగి, అవి కూడా మినుకు మినుకు మంటుండె. సెటప్‌లో సంబంధం లేని ఒక లైను అటు ఇటు మార్చంగనే మాయం, ఇంకోటి మార్చంగనే మళ్ల హాజరు. చివరికి టీవీకి ముక్కు ఆనించి ఆ పళ్ల మధ్యల లైన్లు లెక్కపెట్టిన, ప్రతి 8 లైన్లకు ఒకటి. అప్పుడు వెలిగింది. టైమ్ చెప్పే మిల్లీస్ ఫంక్షన్ కోసం టైమర్0 ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వేరే పనికి పిలిచేది) 16384 క్లాకులకోసారి వస్తది, అంటే సరిగ్గా 16 లైన్లకోసారి. 312ను 16తో భాగిస్తే పందొమ్మిదిన్నర, అందుకే ఒక ఫ్రేమ్‌లో పడ్డ చోటికి తర్వాతి ఫ్రేమ్‌లో 8 లైన్లు పక్కకు పడుతుంది, రెండూ కలిసి 8 లైన్లకో పన్ను, మినుకు కూడా అందుకే. రెండు టైమర్లూ ఒకటే క్లాక్ మీద నడుస్తయి కాబట్టి మొదలైనప్పుడు ఎట్ల కుదిరితే అట్లనే ఉండిపోతయి, ఆ ఇంటరప్ట్ లైను మొదలుకు తగిలి దాన్ని ఆలస్యం చేస్తే ఎప్పుడూ తగులుతది, లేకుంటే లేదు.

టైమర్0 ఇంటరప్ట్‌ను నడిపే రిజిస్టర్ టిమ్‌స్క్0 = 0 పెట్టండి, పోతది. దాంతోపాటు మిల్లీస్, డిలే కూడా పనిచేయవు, టైమ్ కావాల్నంటే ఫ్రేములు లెక్కపెట్టుకోండి, ఒక్కోటి 19.968 మిల్లీసెకండ్లు. సింక్‌ను ఇంటరప్ట్‌లో చేతితో తిప్పకుండ 9వ పిన్ను మీద టైమర్1 హార్డ్‌వేర్‌కే అప్పజెప్పండి, అప్పుడు ఏం జరిగినా బొమ్మే జరుగుతది తప్ప సింక్ కదలదు.

ఇది తీసినంక కూడా గీత గొంగళిపురుగు లెక్క సన్నగ నూగుగ ఉంటే అది ఇంటరప్ట్ ఆలస్యంల తేడా. ఊనో చిప్ ఏవీఆర్ చేతిల ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తి చేసినంకనే ఇంటరప్ట్‌కు పోతది, కొన్నిటికి 1 క్లాక్, కొన్నిటికి 4, ఒక్కో క్లాక్ 62.5 నానోసెకండ్లు. ఒక్కో పిక్సెల్ (బొమ్మ చుక్క) 6 క్లాకులైతే అందులో 3 క్లాకుల తేడా అంటే సగం పిక్సెల్. లైను మొదలయ్యే ముందే సీపీయూను ఐడిల్ స్లీప్‌లో పెడితే ప్రతిసారీ ఒకే ఆలస్యంతో లేస్తది. లేకుంటే ఇంటరప్ట్‌లోకి రాంగనే టైమర్ కింది బిట్లు చదివి, ఎంత తొందరగ వచ్చిందో అన్ని నాప్‌లు (ఏం చేయకుండ ఒక క్లాక్ గడిపే ఇన్‌స్ట్రక్షన్లు) తినిపించాలె. మెయిన్ లూప్ ఖాళీగ ఉంటే స్లీప్ సులువు.

8 పిక్సెల్స్‌కో సన్న నిలువు గీత

పిక్సెల్స్‌ను ఎస్‌పీఐతో (చిప్‌లో బిట్లను వరుసగ బయటికి పంపే భాగం) పంపుతున్నరు. దానికి పంపే వైపు బఫర్ లేదు, బైటుకు బైటుకు మధ్యల సందు వస్తది. సీరియల్ పోర్ట్ నడిపే యూసార్ట్‌ను ఎస్‌పీఐ మాస్టర్ మోడ్‌లో పెట్టండి, దానికి డబుల్ బఫర్ ఉంది. దాని వేగం రిజిస్టర్ యూబీఆర్ఆర్‌లో 2 పెడితే 128 పిక్సెల్స్ 48 మైక్రోసెకండ్లల్ల అయిపోతయి, 52లో హాయిగ పడుతుంది. లైను చివర ట్రాన్స్‌మిటర్ ఆపి పిన్నును కిందికి తేవడం మర్చిపోవద్దు, అది పైనే ఉండిపోతే టీవీ దాన్నే నలుపు అనుకుని బొమ్మంతా మసకగ చేస్తది.

కింద కొన్ని వరుసలల్ల చెత్త చుక్కలు గంతులేస్తున్నయి

128 × 96 బొమ్మకు 1536 బైట్లు, ఊనో ర్యామ్‌లో ఉన్నది 2048. పైనుంచి స్టాక్ (ఫంక్షన్లు, లోకల్ వేరియబుల్స్ వాడే చోటు) దిగొచ్చి ఫ్రేమ్‌బఫర్ (బొమ్మ దాచిన చోటు) తోకను తొక్కుతుంది, మీకు కనబడేది మీ స్టాకే. ప్రింట్ మాటలన్నీ ప్రోగ్రామ్ మెమరీకి పంపండి, లోకల్ అర్రేలు తగ్గించండి.

రంగు రాదు, వచ్చినా చారలు

పాల్ రంగుకు 4.43361875 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కావాలె, 16తో అది కుదరదు, ఊనో మీద ఆశ వదులుకోండి. ఈఎస్‌పీ32 బోర్డులో ఆడియో పీఎల్ఎల్‌ను (క్లాక్ తయారుచేసేది) దానికి 4 రెట్లకు, 17.734475 మెగాహెర్ట్జ్‌కు పెట్టి లోపలి డ్యాక్ (అంకెను వోల్టేజీగ మార్చేది) నుంచి 25వ పిన్ను మీద పంపొచ్చు. రంగు వచ్చి లైను లైనుకూ చారలు పడుతుంటే ఒక లైను విడిచి ఒక లైను ఫేజ్ తిప్పలేదన్నట్టు. రంగుల టేబుల్స్ రెండు పెట్టుకోండి, లైను మొదట్ల రంగు కోసం పంపే బర్స్ట్ సైగ కూడా దాంతోటే మారాలె. 312 లైన్లయితే లైను నంబర్ సరా బేసా చూస్తే నడుస్తది, 313 పెట్టుకుంటే ఫ్రేమ్ మారేకాడ వరుస తప్పుతది, దానికి విడిగ ఒక బిట్ పెట్టి ప్రతి లైనుకూ తిప్పుకుంట పోండి.