పాస్‌పోర్టు దరఖాస్తులో ఊరి పేరు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ఇంగ్లిషులో ఎలా రాయాలి

పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు పుట్టిన తేదీ దగ్గర అందరూ జాగ్రత్త పడతారు. పుట్టిన ఊరి గడి దగ్గరికొచ్చేసరికి నోటికి ఎలా పలికితే అలా కొట్టేస్తారు. రాష్ట్రం, జిల్లా జాబితాలోంచి ఎంచుకునేవి. ఊరి పేరు మాత్రం మనమే టైపు చేయాలి, మనం కొట్టిన అక్షరాలే పుస్తకంలో అచ్చవుతాయి. ఆ తర్వాత మార్చుకోవాలంటే రీ-ఇష్యూకి పెట్టుకోవాలి. 36 పేజీల పుస్తకానికి మళ్లీ 1500 రూపాయలు కట్టాలి.

ఆన్‌లైన్‌లో ఫారం తెరిచే ముందే జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టుకుని ఊరి పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది. కాబట్టి వాళ్ల విషయంలో ఆ పత్రంలో ఉన్నదే ప్రమాణం.

పుట్టిన ఊరంటే సొంతూరు కాదు. కావలి వాళ్ల బిడ్డ నెల్లూరు ఆసుపత్రిలో పుడితే ఆ గడిలో నెల్లూరే రావాలి. కావలి రాయాల్సింది చిరునామాలో.

ఇక స్పెల్లింగు. మన ఊళ్ల పేర్లు చాలావాటికి ఇంగ్లిషు రూపం ఎప్పుడో స్థిరపడిపోయింది, అది మన పలుకుతో కలవదు. నెల్లూరుకి చివర ‘ఓ ఆర్ ఈ’ వస్తుంది, ‘యు ఆర్ యు’ కాదు. ఒంగోలుకి చివర ‘ఎల్ ఈ’. గూడూరు, కందుకూరు పేర్లు ‘ఆర్’ దగ్గరే ఆగిపోతాయి, చివరి ‘యు’ ఎక్కువగా రాయరు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర తికమక ఎక్కువ. ‘రెడ్డి’ చివర ‘ఐ’ పెట్టిన కాగితాలూ ఉన్నాయి, ‘వై’ పెట్టినవీ ఉన్నాయి. రెండిట్లో ఏది సరైనదని వాదించుకుని లాభం లేదు, మీ ఆధార పత్రంలో ఏది ఉంటే అదే రాయండి.

ఒక్క అక్షరం తేడాతో ఊరే మారిపోయే చోట్లు కూడా ఉన్నాయి. నెల్లూరు పక్కనున్న కోవూరుకి ‘వి’ ఒకటే. రెండు ‘వి’లు పడితే గోదావరి ఒడ్డునున్న కొవ్వూరు అవుతుంది. ఆత్మకూరు మన దగ్గరా ఉంది, శ్రీశైలం దారిలోనూ ఉంది. స్పెల్లింగు కూడా ఒకటే కావడంతో అక్కడ జిల్లా పేరే తేడా చూపాలి.

పాస్‌పోర్టులో అన్నీ పెద్దక్షరాలే అచ్చవుతాయి. దరఖాస్తుతో పాటు ఇచ్చే లేఖలు, డిక్లరేషన్లలో మాత్రం ఊరి పేరు మొదటి అక్షరం తప్పకుండా పెద్దది ఉండాలి. సింగరాయకొండలో ‘కొండ’ని, కొత్తపట్నంలో ‘కొత్త’ని ఇంగ్లిషులోకి మార్చకూడదు. రైల్వే స్టేషన్ బోర్డు చూసి మార్కాపురం పక్కన ‘రోడ్’ చేర్చకండి, అది స్టేషన్ పేరు. మండలం, పోస్టు అనే మాటలను ఊరి పేరుకి అతికించకండి. సొంతంగా పొట్టి రూపాలు కల్పించొద్దు.

జిల్లా దగ్గర మరింత నిదానం కావాలి. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు. అందుకని ఒక్కో జాబితాలో ఒక్కో రకంగా కనిపిస్తుంది, అక్కడున్నదే ఎంచుకోండి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్లింది, గూడూరు తిరుపతిలోకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి. హద్దులు ఆ తర్వాతా కదిలాయి. పిన్ కోడ్‌ని బట్టి జిల్లాను ఊహించకండి. కందుకూరు జిల్లా మారినా పిన్ 523105 మారలేదు. చిరునామాలో జిల్లా తప్పితే పోలీస్ స్టేషన్ కూడా తప్పుతుంది, ఫైలు వేరే ఎస్పీ ఆఫీసుకి పోయి వెరిఫికేషన్ అక్కడే ఆగిపోతుంది. ఈ రోజున మీ ఊరు ఏ స్టేషన్ కిందికి, ఏ జిల్లాకి వస్తుందో సచివాలయంలో అడిగి రాయండి.

జనన పత్రంలోనే తప్పుంటే ముందు దాన్ని సరిచేయించాలి. పట్టణంలో మున్సిపాలిటీలో, పల్లెలో పంచాయతీలో ఉండే జనన మరణాల రిజిస్ట్రార్‌కి దరఖాస్తు చేయాలి. 1969 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ కింద, రిజిస్టరులో పాత నమోదును కొట్టేయకుండా పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. అది అయ్యాక కొత్త పత్రం తీసుకోండి. ఆధార్ ఆ తర్వాతే, పాస్‌పోర్టు చివర్న. ఈ వరుస తప్పితే ఒక కాగితం సరిచేసిన కొద్దీ ఇంకోటి అడ్డం తిరుగుతుంది.

ఫారం పంపేశాక తప్పు కంటపడినా కంగారు పడకండి. అపాయింట్‌మెంట్ రోజు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో మొదట వెళ్లే ‘ఏ’ కౌంటర్‌లో ఫోటో, వేలిముద్రలు తీసుకుని, మీ వివరాలు తెరమీద చూపించి సరేనా అని అడుగుతారు. అక్కడ తొందరపడి తల ఊపకండి. ఊరి పేరును పత్రంతో పోల్చి, తేడా ఉంటే అప్పుడే చెప్పి మార్పించుకోండి. పక్క కౌంటర్లకు వెళ్లాక ఈ అవకాశం అంత సులువుగా దొరకదు.