మొదటిసారి బిజినెస్ క్లాస్‌లో అమెరికా వెళ్తున్నారా? టికెట్ నుంచి దిగేదాకా ఏమేం చూసుకోవాలి

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ చేరాలంటే గాలిలోనే ఇరవై గంటలు గడుస్తాయి. మొదటి విమానం నాలుగున్నర గంటలు, రెండోది దాదాపు 16 గంటలు. బిజినెస్ క్లాస్‌కి అదనంగా పెట్టే డబ్బంతా అసలు ఆ రెండో విమానంలో కాళ్లు బారజాపుకుని పడుకోవడానికే. లాంజ్ (ఎయిర్‌పోర్టులో విడిగా ఉండే విశ్రాంతి గది), పెద్ద మెనూ, వేడి తువ్వాలు ఇవన్నీ ఆ తర్వాతే. మొదటిసారి వెళ్లేవాళ్లు చాలామంది ఒక్కటీ వదలకూడదని ప్రతి భోజనానికీ లేచి, వరసగా సినిమాలు చూసి, చివరికి ఎకానమీలో వచ్చినవాళ్లలాగే అలసిపోయి దిగుతారు. నిద్ర దక్కాలంటే టికెట్ కొనేనాటి నుంచే జాగ్రత్త పడాలి.

1. టికెట్: ఏ విమానానికి, ఏ రకం?

వెబ్‌సైట్‌లో పైన "బిజినెస్" అని కనబడగానే డబ్బు కట్టేయకండి. రెండు విమానాల వివరాలూ విడివిడిగా తెరిచి, ప్రతిదాని పక్కన ఏ క్లాస్ ఉందో చూడండి. కొన్ని టికెట్లలో ఒక విమానం బిజినెస్, ఇంకొకటి ఎకానమీ ఉంటుంది. అది తప్పేం కాదు, ఒక్కోసారి అదే తెలివైన బేరం కూడా. కానీ బిజినెస్ ఉండాల్సింది 16 గంటల విమానంలో. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలు బిజినెస్‌లో కూర్చుని, అక్కడి నుంచి అమెరికాకి ఎకానమీలో వెళ్లే టికెట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

తర్వాత ఫేర్ రకం చూడండి. బిజినెస్‌లోనూ చవక టికెట్లు వేరు. ఖతర్ ఎయిర్‌వేస్ బిజినెస్ లైట్ లాంటి వాటిలో పడుకునే సీటు అదే, తిండి అదే, కానీ లాంజ్ ఉండదు, సీటు ముందుగా ఎంచుకోవాలంటే డబ్బు కట్టాలి. ఎమిరేట్స్ ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు పంపే కారు కూడా అన్ని టికెట్లకూ రాదు. వచ్చే టికెట్ అయినా దానంతటది రాదు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

ఎకానమీ టికెట్ కొని తర్వాత డబ్బో మైళ్లో (విమాన ప్రయాణాలతో జమయ్యే పాయింట్లు) ఇచ్చి అప్‌గ్రేడ్ చేయించుకునేవాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: "నా లగేజీ లెక్క మారుతుందా, పాతదే ఉంటుందా?" సీటు మారినా బ్యాగుల బరువు పాత టికెట్ ప్రకారమే ఉండే సందర్భాలున్నాయి. అది తెలియక కౌంటర్ ముందు సూట్‌కేసులు విప్పి సామాను సర్దుకోవాల్సి వస్తుంది.

2. సీటు: అన్ని బిజినెస్ సీట్లూ ఒకటి కావు

మీ విమానం సీట్ మ్యాప్ తెరిచి ఒక్కో వరసలో ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టండి. 1-2-1 (అంకెల మధ్య గీతలు నడవలు) అని ఉంటే ప్రతి సీటు నుంచీ నేరుగా నడవలోకి దిగొచ్చు, ఎవరినీ దాటక్కర్లేదు. 2-3-2 అని ఉంటే మధ్యలో ఇరుక్కునే సీటు కూడా ఒకటుంది. ఎమిరేట్స్ పాత బోయింగ్ 777ల్లో ఇప్పటికీ ఈ అమరికే. కొత్తగా మార్చిన 777ల్లోనూ, రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 పై అంతస్తులోనూ 1-2-1 ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే ధర అయినా విమానాన్ని బట్టి నిద్ర మారిపోతుంది. అందుకే తేదీ ఖరారు చేసే ముందే విమానం రకం చూడాలి. అన్నట్టు, ఏ380లో స్నానం చేయొచ్చని వినే ఉంటారు. ఆ షవర్లు ఫస్ట్ క్లాస్ వాళ్లకు మాత్రమే.

ఖతర్ వాళ్ల క్యూసూట్ అనే బిజినెస్ సీటు 2017లో మొదలైంది. సీటుకి జారే తలుపు ఉంటుంది. ఇందులో ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ, కె సీట్లు తీసుకుంటే కిటికీకి ఆనుకుని ఉంటారు, నడవ దూరంగా ఉంటుంది. కానీ ఆ సీట్లు విమానం తోక వైపు తిరిగి ఉంటాయి. టేకాఫ్‌లో ఒళ్లు కాస్త ముందుకు జారినట్టనిపిస్తుంది, అంతే. ప్రయాణంలో కళ్లు తిరిగే అలవాటుంటే మాత్రం ముందుకు తిరిగిన బి, జె తీసుకోండి. దంపతులైతే మధ్యలోని ఈ, ఎఫ్ సీట్లు అడగండి. మధ్య గోడ దించితే జంట మంచం అవుతుంది.

ఏ విమానంలోనైనా వంటగదికి, టాయిలెట్‌కి దగ్గరి వరసలు వదిలేయండి. కర్టెన్ లాగినప్పుడల్లా వెలుతురు మొహం మీద పడుతుంది, ట్రాలీలు, గిన్నెల చప్పుడు రాత్రంతా ఆగదు. మొదటి వరస విషయం కాస్త చిక్కు. చాలా విమానాల్లో అక్కడ పాదాలు పెట్టుకునే గూడు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పొడుగ్గా ఉన్నవాళ్లకు హాయి, కానీ చంటిపిల్లల ఉయ్యాల తగిలించేదీ సాధారణంగా ఆ గోడకే. ఆరడుగులు దాటినవాళ్లు దానికి సిద్ధపడి తీసుకోవచ్చు. మిగతావాళ్లకు క్యాబిన్ మధ్య వరసలే మంచివి.

ప్రయాణానికి మూడు రోజుల ముందు మళ్లీ ఒకసారి బుకింగ్ తెరవండి. విమానం మార్చినప్పుడు మీరు ఎంచుకున్న సీటు గల్లంతై, సిస్టమ్ ఏదో ఒకటి ఇచ్చేస్తుంది.

3. భోజనం ముందే చెప్పాలా?

గుడ్డు కూడా ముట్టని శాకాహారులైతే ఏవీఎంఎల్ అనే కోడ్, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు జైన భోజనానికి వీజేఎంఎల్, గొడ్డు మాంసం, పంది మాంసం లేకుండా మాంసాహారం కావాలంటే హెచ్ఎన్ఎంఎల్. కనీసం 24 గంటల ముందు నమోదు చేయాలి. రెండు విమానాలకూ, తిరుగు ప్రయాణానికీ ఎక్కిందో లేదో విడివిడిగా చూడండి. ఒకదానికి ఎక్కి ఇంకోదానికి ఎక్కకపోవడం తరచూ జరిగే పొరపాటు.

దీనికో నష్టం ఉంది. ప్రత్యేక భోజనం చెబితే మీ పేరు మీద అదే ఎక్కుతుంది, మెనూలో నచ్చింది ఎంచుకునే వీలు చాలావరకు పోతుంది. మాంసాహారులు అనవసరంగా కోడ్ పెట్టుకోకండి. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకు మాత్రం తప్పకుండా పెట్టించండి. మన దగ్గర్నుంచి బయల్దేరే విమానంలో శాకాహారం ఎలాగూ ఉంటుంది, దోహా దాటాక మెనూలో శాకాహారమంటే ఒక్క పాస్తాయే మిగలొచ్చు. పులిహోర కట్టుకెళ్లడం మంచిదే, కానీ దిగేలోపు తినేయాలి. మిగిలితే అమెరికా కస్టమ్స్‌లో చెప్పాలి.

4. సర్దుకోవడం

అమెరికా మార్గంలో గల్ఫ్ కంపెనీల బిజినెస్ టికెట్‌కి సాధారణంగా 32 కిలోల చొప్పున రెండు బ్యాగులు ఇస్తారు. మొత్తం 64 కదా అని ఒకటి 36, ఇంకోటి 28 చేస్తే కుదరదు. ఒక్క బ్యాగు 32 దాటకూడదు. ఇంట్లో తూచుకుని 31 దగ్గర ఆపేయండి. ఆవకాయ, నెయ్యి చెక్-ఇన్ బ్యాగులోనే, మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో పెట్టి. చేతి బ్యాగులో ద్రవం ఏదైనా సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు.

పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఎమిరేట్స్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో దాన్ని వాడటమే నిషేధం. 100 వాట్ అవర్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) లోపుది ఒక్కటే తీసుకెళ్లొచ్చు, దాంతో ఫోన్ ఛార్జ్ చేయకూడదు, దాన్నీ ఛార్జ్ చేయకూడదు. ఛార్జర్ వైరు పెట్టుకోండి, సీటు దగ్గరే సాకెట్ ఉంటుంది.

చిన్న సంచీ ఒకటి విడిగా సర్దండి: మందులు, కళ్లజోడు, ఛార్జర్, పెదాలకు రాసుకునేది, పల్చటి నూలు బట్టలు ఒక జత. క్యాబిన్‌లో గాలి తేమ పది ఇరవై శాతమే ఉంటుంది, గొంతు, కళ్లు ఎండిపోతాయి. నిద్రబట్టలు కొన్ని కంపెనీలే ఇస్తాయి, నమ్ముకోవద్దు.

5. ఎయిర్‌పోర్టులో

బిజినెస్ కౌంటర్ వరస వేరుగా ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్లండి. కౌంటర్‌లో మూడు అడగాలి: బ్యాగులు ఎక్కడిదాకా ట్యాగ్ చేశారు, రెండు బోర్డింగ్ పాసులూ ఇచ్చారా, లాంజ్ పాస్ అక్కర్లేదా. ఇమిగ్రేషన్‌లో బిజినెస్ టికెట్ ఎంత కలిసొస్తుందో ఆనాటి రద్దీని బట్టే. శంషాబాద్‌లో 2025 జనవరి నుంచి ఈ-గేట్ల (పాస్‌పోర్టు స్కాన్ చేసుకుని ఇమిగ్రేషన్ దాటే ఆటోమేటిక్ గేట్లు) సౌకర్యం ఉంది. దానికి వారాల ముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇచ్చి ఉండాలి.

లాంజ్‌లోకి అడుగుపెట్టగానే తిండి వైపు కాకుండా రిసెప్షన్‌కి వెళ్లి స్నానానికి పేరు రాయించుకోండి. దోహా, దుబాయ్‌లలో తెల్లవారుజామున ఆ క్యూ పొడుగ్గా ఉంటుంది. ఇంకో ముఖ్యమైన మాట. చాలా లాంజ్‌లలో విమానం పిలుపు మైకులో వినిపించదు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది కాబట్టి, గేటు మూసే సమయానికి కాదు, బోర్డింగ్ మొదలయ్యే సమయానికి అక్కడుండాలి.

పెద్దవాళ్లకు వీల్‌చైర్ బుక్ చేసి ఉంటే ఈ లాంజ్ చేజారిపోతుంటుంది. తోసే మనిషి వాళ్లను వీల్‌చైర్ల హాలులో దించేసి వెళ్తాడు, మూడు గంటలు అక్కడే కూర్చుంటారు. "బిజినెస్ లాంజ్" అని గట్టిగా చెప్పమనండి. లాంజ్‌లో దిగాక, వీల్‌చైర్ మళ్లీ ఎన్నింటికి రావాలో రిసెప్షన్‌లో చెప్పి రాయించాలి. ఇంగ్లిష్ ఇబ్బందయిన అమ్మానాన్నల చేతికి ఈ మాటలన్నీ ఇంగ్లిష్‌లో రాసిన కార్డు ఇవ్వండి.

6. సీట్లో కూర్చున్నాక మొదటి పది నిమిషాలు

సిబ్బంది వచ్చి పేరు పెట్టి పలకరిస్తారు, తాగడానికి ఏదైనా ఇస్తారు. దేనికీ డబ్బు ఇవ్వక్కర్లేదు, టిప్ కూడా. ఆ కాసేపట్లో నాలుగు వెతికి పెట్టుకోండి: సీటు బటన్లు, చదువుకునే లైటు, సాకెట్, టేబుల్ బయటికొచ్చే చోటు. టేబుల్ ఎక్కువగా పక్కనున్న గట్టు కింద దాక్కుని ఉంటుంది, చిన్న మీట నొక్కితే జారుతుంది. దొరక్కపోతే బలంగా లాగకండి, అడగండి.

ఫోన్ మాత్రం ఒడిలో పెట్టుకుని నిద్రపోవద్దు. సీటు మంచంలా మారేటప్పుడు వెనకభాగం కిందికి దిగి, అడుగుభాగం ముందుకు జరుగుతుంది. ఆ సందులోకి ఫోన్ జారితే లోపల కదిలే ఇనుప భాగాల మధ్య పడుతుంది. దాన్ని తీద్దామని సీటును ముందుకూ వెనక్కూ కదిపితే బ్యాటరీ నలిగి పొగ, మంట రావొచ్చు. ఫోన్ జారిందనిపించగానే బటన్ మీద చెయ్యి తీసేసి, లేచి నిలబడి, సిబ్బందిని పిలవండి. వాళ్లకు దీని మీద శిక్షణ ఉంటుంది.

7. ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి

ఇది దిగే ఊరి గడియారం ప్రకారం జరగాలి. వేసవిలో డల్లాస్ సమయం దోహాకు 8 గంటలు వెనక. ఉదయం 8 గంటలకు దోహాలో విమానం లేచిందంటే డల్లాస్‌లో అర్ధరాత్రి 12. కిటికీ బయట ఎండ కాస్తున్నా మీకు అది పడుకునే వేళ. కాబట్టి దోహా లాంజ్‌లో ఆరున్నరకి తేలిగ్గా తినేయండి, అదే మీ రాత్రి భోజనం. ఎక్కగానే "భోజనం ఇప్పుడొద్దు, ఏడు గంటలు గడిచాక పెట్టండి" అని చెప్పండి. బిజినెస్‌లో ఇలా అడగడం మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు. ఏడు గంటల తర్వాత లేస్తే డల్లాస్‌లో ఉదయం ఏడెనిమిది. అప్పుడు కాఫీ, భోజనం, సినిమాలు. మిగతా సమయం మేలుకుని ఉంటే సాయంత్రం 4 ప్రాంతంలో దిగి, రాత్రి తొమ్మిది దాకా ఆగి పడుకోవచ్చు. చలికాలంలో తేడా 9 గంటలు, లెక్క ఒక గంట జరపండి. చక్కెర జబ్బుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ వేళలు డాక్టరుకి చూపించి మోతాదు ముందే రాయించుకోవాలి.

పడుకునే ముందు వరస ఇది. టాయిలెట్‌కి వెళ్తూ "పక్క వేయండి" అని చెప్పండి, మీరు పళ్లు తోముకుని బట్టలు మార్చుకుని వచ్చేసరికి పరుపు, దుప్పటి పరిచి ఉంటాయి. సాక్సులతో టాయిలెట్‌లోకి వెళ్లకండి, నేల తడిగా ఉంటుంది. పడుకున్నాక బెల్టు దుప్పటి లోపల కాదు, దుప్పటి మీద పెట్టుకోండి. విమానం ఊగినప్పుడు సిబ్బంది ప్రతి ఒక్కరి బెల్టూ చూస్తారు, కనబడకపోతే లేపక తప్పదు. పాదాలు పెట్టే గూట్లో బూట్లు, సంచులు వదిలేస్తే కాళ్లు ముడుచుకునే పడుకోవాలి.

మద్యం ఉచితమే కానీ ఎత్తులో నిద్రను చెడగొడుతుంది, గొంతు ఎండిపోతుంది. పడుకునే సీటు ఉన్నా, మేలుకున్న ప్రతి రెండు గంటలకూ లేచి నడవండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఎకానమీ వాళ్లకే అనుకోవద్దు.

8. దిగేటప్పుడు

దిగడానికి దాదాపు ముప్పావుగంట ముందు చాలా కంపెనీలు హెడ్‌ఫోన్లు వెనక్కి తీసుకుంటాయి, సినిమా సగంలో ఉంటే మీ సొంతవి పనికొస్తాయి. సబ్బు, క్రీముల సంచీ మీదే, తీసుకెళ్లొచ్చు. దుప్పటి, దిండు వదిలేయాలి. సీటు చుట్టూ గూళ్లు చాలా ఉంటాయి, కళ్లజోడు, పాస్‌పోర్టు ఎక్కువగా మరిచిపోయేది అక్కడే. చెయ్యి పెట్టి తడిమి మరీ చూడండి.

డల్లాస్ నుంచి ఇంకో ఊరికి వెళ్లాల్సి ఉంటే, ట్యాగ్ మీద ఆ ఊరి పేరున్నా సరే, మీ బ్యాగులు డల్లాస్‌లోనే తీసుకుని కస్టమ్స్ దాటాక మళ్లీ బెల్టు మీద వేయాలి. అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అక్కడ కనెక్షన్‌కి కనీసం మూడు గంటలు ఉంచుకోండి. "ప్రయారిటీ" ట్యాగ్ ఉన్న బ్యాగులు ముందు రావాలి కానీ, ఒక్కోసారి చివర వస్తాయి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు విమానం దిగిన గంటన్నర తర్వాతి సమయం చెప్పండి.