ప్రొపేన్ లెక్క కీతో కలవట్లేదా? తేడా ఎంతో చూడండి

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తుంటాను, దహనోష్ణం (ఇంధనం మండితే వచ్చే వేడి) లెక్కలు ఇచ్చిన మర్నాడు సగం మంది "సార్, కీలో వేరే ఉంది" అంటూ వస్తారు. లెక్క మొత్తం కొట్టేయకండి. కీలోంచి మీ జవాబు తీసేయండి, మిగిలిన అంకెను బట్టి తప్పు దొరుకుతుంది.

ఒక మోల్, అంటే 44 గ్రాముల ప్రొపేన్ మండితే 2220 కిలోజౌల్‌లు రావాలి.

2044 వచ్చిందా? 176 తక్కువ, అంటే వచ్చే నాలుగు మోల్‌ల నీళ్లకు నాలుగు 44లు. ద్రవ నీళ్ల సంశ్లేషణోష్ణం (మూలకాల నుంచి ఒక మోల్ తయారైనప్పటి వేడి) 285.8 బదులు ఆవిరి విలువ 241.8 వేశారు. ప్రశ్నలో నీళ్లు ద్రవమా, వాయువా అన్నది ముందు చూడండి.

2427 దాటిందా? ప్రొపేన్ సంశ్లేషణోష్ణం మైనస్ 103.8ని తీసేయాల్సింది పోయి కలిపేశారు. బ్రాకెట్ పెట్టండి, చాలు.

బంధశక్తులతో (అణువులోని బాండ్లు తెంచడానికి కావాల్సిన శక్తులతో) చేస్తే 1686 వచ్చిందా? ఇది ఎక్కువ మంది పడే గుంట. టేబుల్‌లో కార్బన్-ఆక్సిజన్ డబుల్ బాండ్‌కు 745 కనబడగానే వేసేస్తారు, అది కీటోన్‌ల లాంటి వాటికి. కార్బన్ డయాక్సైడ్‌లో 799 వేయాలి, ఆరు బాండ్లకు 324 తేడా. సరిచేస్తే 2010 వస్తుంది. ఇంకా 2220 రాలేదేమని టెన్షన్ పడొద్దు: బంధశక్తులు వాయువులకే కాబట్టి పోల్చాల్సింది 2044తో, మిగిలిన 34 మీ తప్పు కాదు, టేబుల్‌లో ఉన్నవి సగటు విలువలు. చదువుకునే రోజుల్లో ఆ 34 వెతుక్కుంటూ నేను ఒక సాయంత్రం మొత్తం పాడుచేసుకున్నాను.

14.2 కిలోల సిలిండర్‌కు 31 వేల కిలోజౌల్‌లే వచ్చాయంటే కిలోలను మోల్‌లు అనుకున్నారు. గ్రాములు చేసి 44తో భాగించండి, అంతా ప్రొపేనే అనుకుంటే 7 లక్షలు దాటుతుంది.

ప్రాక్టికల్‌లో బర్నర్ మీద గిన్నెలో నీళ్లు వేడిచేసి కొలిస్తే సగం కూడా రాకపోతే లెక్క వదిలేసి మంట చూడండి. సంక్రాంతికి సకినాలు కాల్చేటప్పుడు మంట పసుపుపచ్చగా మారి కడాయి అడుగున మసి పట్టడం చూసే ఉంటారు కదా, ఇక్కడా అదే: డయాక్సైడ్‌గా మారి మోల్‌కు 393.5 ఇవ్వాల్సిన కార్బన్, మోనాక్సైడ్‌గా మారితే 110.5తోనే ఆగిపోతుంది, మసిగా మిగిలితే ఏమీ ఇవ్వదు. పైగా వేడి పక్కలకు పోతుంది. బర్నర్ గాలి రంధ్రాలు శుభ్రం చేసి, ఫ్యాన్ ఆపి, చుట్టూ రేకు అడ్డం పెట్టి, గిన్నెకు మూత వేసి మళ్లీ కొలవండి.