యూకేలో క్రిస్మస్ సెలవులు: టికెట్లు బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

బ్యాంక్ హాలిడే (యూకేలో ప్రభుత్వ సెలవు రోజు) వచ్చిందంటే జీతంతో సెలవు ఖాయమని యూకేకి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది అనుకుంటారు. చట్టంలో అలాంటి హక్కేమీ లేదు.

కాబట్టి ముందు జాబ్ కాంట్రాక్ట్ తీసి లీవ్ గురించి ఏం రాశారో చదవండి. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకి ఏడాదికి కనీసం 28 రోజులు జీతంతో సెలవు ఇచ్చి తీరాలి, కానీ బ్యాంక్ హాలిడేలను కూడా ఆ 28లోనే లెక్కేసుకోవడానికి కంపెనీకి వీలుంది. "బ్యాంక్ హాలిడేలతో కలిపి 28" అని ఉంటే, ఇంగ్లండ్‌లో మామూలుగా ఉండే 8 పోను మీరు అడిగి తీసుకోగలిగేవి 20 మాత్రమే. "28, బ్యాంక్ హాలిడేలు అదనం" అంటే మొత్తం 36. కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో చేసేవాళ్లు డిసెంబర్ 25న డ్యూటీ పడితే ఎక్కువ డబ్బులిస్తారా అన్నది కూడా అందులోనే వెతకాలి, ఎందుకంటే ఇవ్వమని చట్టం ఎక్కడా చెప్పదు.

తర్వాత మీరుండేది ఇంగ్లండా, స్కాట్లాండా చూసుకోండి, బ్యాంక్ హాలిడేలు రెండు చోట్లా ఒకటి కాదు. 1871లో జాన్ లబక్ అనే ఎంపీ తెచ్చిన బ్యాంక్ హాలిడేల చట్టంలో ఇంగ్లండ్‌కి డిసెంబర్ 26 ఉంది కానీ 25 లేదు, అది అప్పటికే ఆనవాయితీగా సెలవు కాబట్టి రాయాల్సిన అవసరం రాలేదు. స్కాట్లాండ్ జాబితాలో మాత్రం 25 ఉంది. అయినా అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి (స్కాట్లాండ్‌లోని ప్రధాన ప్రొటెస్టంట్ చర్చి) క్రిస్మస్‌ని చాలాకాలం ఒప్పుకోలేదు, జనం పనికి వెళ్తూనే ఉన్నారు, అందరికీ సెలవయింది 1958లో. బాక్సింగ్ డే, అంటే డిసెంబర్ 26, అక్కడ 1974లో సెలవయింది. వాళ్లకి అసలు పండగ కొత్త సంవత్సరం, అందుకే జనవరి 2 కూడా అక్కడ బ్యాంక్ హాలిడే. కాకపోతే స్కాట్లాండ్‌లో చాలా ఆఫీసులు వేరే తేదీలు పాటిస్తాయి, హెచ్ఆర్‌ని అడగందే నమ్మొద్దు.

శని, ఆదివారాల్లో పడిన సెలవు తర్వాతి పనిరోజుకి జరుగుతుంది. 2026లో డిసెంబర్ 25 శుక్రవారం, 26 శనివారం, కాబట్టి 28 సోమవారం కూడా సెలవే. 29, 30, 31 లీవ్ పెడితే జనవరి 3 దాకా వరుసగా 10 రోజులు దొరుకుతాయి, జనవరి 2 శనివారం పడింది కాబట్టి స్కాట్లాండ్‌లో 4వ తేదీ కూడా కలుస్తుంది. మూడు లీవులకి ఇంతకన్నా మంచి బేరం దొరకదు, ముందే అడిగి పెట్టుకోండి.

25న ఫ్లైట్ బుక్ చేసేవాళ్లు ఎయిర్‌పోర్టుకి ఎలా వెళ్లాలో ఆలోచించుకోండి, ఆ రోజు రైళ్లు దాదాపు నడవవు. ఇంగ్లండ్, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన షాపులు 25న తెరవకూడదని 2004 చట్టం, అందుకని పాలు, కూరగాయలు 24 సాయంత్రంలోపే తెచ్చిపెట్టుకోండి.