ఫ్యాక్టరీకి ఫైర్ సేఫ్టీ ట్రైనర్‌ను పిలిచే ముందు జాగ్రత్తలు

తేదీ ఖరారు చేయకముందే 15 నిమిషాల డెమో అడగండి. కాన్ఫరెన్స్ హాల్లో వద్దు. ఆరేడుగురు ఆపరేటర్లను నిలబెట్టి, ఆరుబయట చేయించండి. సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా అసలు పనితనం అక్కడే బయటపడుతుంది.

☐ మంటలార్పే సిలిండర్ ఎవరి చేతిలో ఉందో గమనించండి. ట్రైనరే ఆర్పి చూపించి చప్పట్లు కొట్టించుకుంటే లాభం లేదు. కొత్తవాళ్లు కంగారులో లివర్ నొక్కిపట్టి పిన్ను లాగుతారు, అది బిగుసుకుపోతుంది. ఆ తప్పు కార్మికుడి చేత చేయించి, అక్కడికక్కడే సరిదిద్దేవారు కావాలి. 6 కిలోల పౌడర్ సిలిండర్ అర నిమిషంలోపే ఖాళీ అవుతుంది, కాబట్టి మంట మొదట్లోకి గురిపెట్టడం చేత్తోనే అలవాటు కావాలి.

☐ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ హార్న్‌ను (గ్యాస్ బయటికొచ్చే వెడల్పాటి మూతిని) ఉత్త చేత్తో పట్టుకోవద్దని ఆయనంతట ఆయన చెప్పారా? అతి చల్లదనానికి చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. ఇది చెప్పని ట్రైనర్ మాకైతే వద్దు.

☐ భాష. పాశమైలారం, జీడిమెట్ల లాంటి చోట్ల ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు కూడా ఉంటారు. తెలుగు ఒక్కటే వస్తే పక్కన దుబాసీని పెట్టండి.

☐ ముందురోజు ప్లాంటు తిరిగి చూడటానికి ఒప్పుకోవాలి. సాల్వెంట్ డ్రమ్ములు, ప్యానెల్ బోర్డులు ఎక్కడున్నాయో చూడకుండా చెప్పే పాఠం ఏ ఫ్యాక్టరీకైనా ఒకటే.

☐ బ్యాచ్‌కు 20 మంది చాలు. నైట్ షిఫ్టు దిగినవాళ్లను కూర్చోబెట్టకండి.

☐ నెల తర్వాత చెప్పకుండా వచ్చి, ఇద్దరి చేత మళ్లీ చేయించే షరతు ఆర్డర్‌లోనే రాయించండి.